జపానులో బస: చాప గదియా, మంచపు గదియా?

(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసిన వెంటనే లేచి మాట్లాడడం సాహసమే. ఆదాయ వ్యయాలు, రాజపూజ్యావమానాలు విన్న చెవులకు మరొక మాట రుచించదు. పైగా పక్క పందిరిలోనుంచి పులిహోర పోపు వాసన వస్తూనే ఉన్నది. కనుక మేము పెద్ద విషయాల జోలికి పోము. కార్యదర్శిగారు జపాను విశేషాలు చెప్పమన్నారు. ఆ దేశపు రైళ్ళను గురించి, చెర్రీ పూలను గురించి మీరు ఇదివరకే ఎన్నో విన్నారు. మేము తీసుకున్నది ఒక్క చిన్న ప్రశ్న. ఆ దేశం వెళ్ళినవారు రాత్రి ఎక్కడ బస చేయాలి?

ప్రశ్న చిన్నదే గాని అవసరమైనది. 2024వ సంవత్సరంలో జపాను చూడబోయిన విదేశీయులు 3 కోట్ల 68 లక్షలకు పైమాటే. వారిలో మన దేశంవారు 2 లక్షలకు మించి ఉన్నారు. మన ఇళ్ళలోను పిల్లలు ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్ళడం, వారిని చూడడానికి తల్లిదండ్రులు వెళ్ళడం మొదలైనది. బయలుదేరేవారందరూ మమ్మల్ని అడిగేది ఒకటే: "వాళ్ళ పద్ధతి చాప గదిలో దిగమంటారా, మంచాలున్న హోటలులో దిగమంటారా?" జవాబు చెప్పేముందు, మేము ఈ విషయంలో చేసిన ఒక తప్పును ఒప్పుకోవలసి ఉన్నది. దానిని దాచి ఉపదేశం చేస్తే ఆ ఉపదేశానికి విలువ ఉండదు.

బసను గురించి విచారించడం మనవారికి కొత్త కాదు. చెన్నపట్టణంలో ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో బయలుదేరి 1831లో తిరిగివచ్చిన కాశీయాత్రను గ్రంథం చేసినప్పుడు, ఏ మజిలీలో ఏ వసతి ఉన్నదో శ్రద్ధగా వ్రాసిపెట్టారు. తరువాత పోయేవారికి పనికివస్తుందన్న తలంపే దానికి కారణం. మన పెద్దల కాలంలో బసలు ముఖ్యంగా రెండు రకాలు. సత్రంలో దిగితే నీడ దొరికేది, పొయ్యి దొరికేది, వంట ఎవరిది వారు చేసుకునేవారు. పూటకూళ్ళ ఇంట దిగితే ఆ ఇల్లాలు వండినది, ఆమె పెట్టిన వేళకు, ఆమె వేసిన పీట మీద కూర్చుని తినాలి.

జపానులోను పూర్వం సరిగా ఇట్లాగే ఉండేది. ఎడో నగరానికీ (అదే ఇప్పటి తోక్యో) క్యోతోకూ నడుమ తోకాయిదో అనే రాజమార్గం మీద 53 మజిలీలు ఉండేవి. ప్రభువులు దిగడానికి 'హోన్‌జిన్' అనే పెద్ద ఇళ్ళు, సామాన్యులకు 'హతాగో' అనే భోజనపు బసలు, బీదవారికి 'కిచిన్‌యాదో' అనే చౌక బసలు ఉండేవి. కిచిన్ అంటే కట్టెల కిరాయి అని అర్థం. ప్రయాణికుడు తన బియ్యం తానే తెచ్చుకుని, కట్టెల ఖర్చు ఇచ్చి వండించుకునేవాడు. అంటే కిచిన్‌యాదో మన సత్రానికి చుట్టం, హతాగో మన పూటకూళ్ళ ఇంటికి చుట్టం. ఆ హతాగో వంశంలోనిదే నేటి 'ర్యోకాన్'. ఈ చుట్టరికం తెలిసి ఉంటే ర్యోకాన్‌లో మనకు తోచే వింతలు సగం తగ్గిపోతాయి. అది భోజనం పెట్టే ఇల్లు. అక్కడ మనం అద్దెకు దిగినవారము కాము, అతిథులము.

ఈ ఇళ్ళు ఎంత పాతవో రెండు ఉదాహరణలు చెబుతాము. యమనాషి ప్రాంతంలో కేయున్‌కాన్ అనే వేడినీటి బస 705వ సంవత్సరంలోను, ఇషికవ ప్రాంతంలో హోషి అనే బస 718వ సంవత్సరంలోను పుట్టినవని చెబుతారు. మనకు నన్నయభట్టు భారతం మొదలుపెట్టడానికి మూడు వందల ఏండ్ల ముందటి మాట.

హోటళ్ళు మాత్రం తెల్లవారి కోసం వచ్చినవి. 1873లో నిక్కోలో కనాయ అనే ఆయన తన ఇంటినే విదేశీయులకు బసగా ఇచ్చాడు. 1878లో హకొనే కొండలలో ఫుజియా హోటలు, 1890లో తోక్యోలో ఇంపీరియల్ హోటలు వెలిశాయి. ఆ ఇంపీరియల్ హోటలుకు అమెరికా శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన కొత్త భవనానికి ప్రారంభోత్సవం 1923 సెప్టెంబరు 1వ తేదీన. సరిగా ఆనాడే మహాభూకంపం వచ్చి తోక్యో నగరం నేలమట్టమైనా ఆ భవనం నిలిచింది. 1968లో దానిని పడగొట్టి, ముఖద్వారాన్ని మాత్రం మెయిజీ మురా అనే ప్రదర్శనశాలకు తరలించారు. అక్కడ నేటికీ చూడవచ్చును. కాబట్టి హోటలులో దిగితే జపాను చూడనట్లే అని కొందరు చెప్పే మాట మేము ఒప్పుకోము. నూట యాభై ఏండ్లుగా వారు నడుపుకుంటున్న హోటలు కూడా వారిదే.

చట్టం సంగతి ఒక్క ముక్క. 1948 నాటి బసల చట్టం హోటలును, ర్యోకాన్‌ను వేరువేరు తరగతులుగా ఉంచింది. హోటలుకు కనీసం 10 గదులు, ర్యోకాన్‌కు 5 గదులు ఉండాలనేవారు. 2018లో ఈ భేదం తీసివేసి రెంటినీ ఒకే తరగతి చేశారు. అందుచేత నేడు బోర్డు మీది పేరు చూచి మోసపోరాదు. హోటలు అన్న పేరుతో చాప గదులు ఉంటాయి, ర్యోకాన్ అన్న పేరుతో మంచాలూ ఉంటాయి. గది ఏ రకమో చూడాలి. వాషిత్సు అంటే చాప గది. యోషిత్సు అంటే మంచపు గది. వాయోషిత్సు అంటే రెండూ కలిసినది. ఈ మూడు మాటలు నేర్చుకుంటే మీకు సగం పని అయినట్లే.

ఇక మా కథ. మేము దంపతులము, మా అమ్మగారు, ముగ్గురం వెళ్ళాము. అమ్మగారికి 71 ఏండ్లు, శుద్ధ శాకాహారము, ఎడమ మోకాలు నొప్పి. తోక్యోలో నాలుగు రాత్రులు హోటలులో గడిపి, ఐదవనాడు హకొనే కొండలలో ఒక ర్యోకాన్‌కు వెళ్ళాము. ఇంత దూరం వచ్చి వాళ్ళ ఇంటి మర్యాద చూడకుండా పోతామా అన్నది మా ఉబలాటం.

వాకిట్లో 'గెన్‌కాన్' అనే పల్లపు చోట జోళ్ళు విడవాలి. ఇది మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. వసారాలో నడవడానికి చెప్పులు ఇస్తారు, గది గడపలో వాటినీ విడవాలి. మరుగుదొడ్డికి వేరే చెప్పులు. వాటితో గదిలోకి రావడం మహా తప్పు. మొదటి గంటలోనే మేము ఆ తప్పు చేశాము. గదిలో నేలంతా 'తతామి' చాపలు. ఒక్కొక్కటి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గది విస్తీర్ణాన్ని ఆరు చాపలు, ఎనిమిది చాపలు అని లెక్కిస్తారు. గోడవారగా 'తొకొనొమ' అనే గూడు, అందులో ఒక చిత్రపటము, ఒక పువ్వు. అది మన దేవుడి అరుగు వంటిది. అందులో పెట్టె పెట్టరాదు, కాలు పెట్టరాదు. పెట్టెల చక్రాలు చాప మీద దొర్లించరాదు.

కట్టుకోవడానికి 'యుకాత' అనే నూలు అంగీ ఇస్తారు. ఎడమ అంచు కుడి అంచు పైకి రావాలి. మేము తెలియక తిరగవేసి కట్టుకుంటే, టీ తెచ్చిన పరిచారిక నోరు మూసుకుని నవ్వాపుకుని, చేతితో సైగ చేసి సరిచేసింది. తిరగవేసి కట్టేది శవానికట! మా అమ్మగారు వెంటనే "మనకు సవ్యం అపసవ్యం లేదూ? అదే ఇది" అన్నారు. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చరాదన్నది కూడా ఇటువంటిదే. అది వారికి చనిపోయినవారి ముందు పెట్టే ముద్ద. మనం పిండాన్ని ఎట్లా చూస్తామో వారు దానిని అట్లా చూస్తారు.

సాయంకాలం ఆరున్నరకు భోజనం వచ్చింది. గదిలోనే పొట్టి బల్ల వేసి, ఒకదాని వెనుక ఒకటిగా చిన్న చిన్న గిన్నెలు పెట్టారు. అరచేతి ఆకారపు పళ్ళెం ఒకటి, ఆకు మీద పెట్టిన ముక్క ఒకటి, మూత గిన్నెలో పులుసు ఒకటి, మొత్తం పన్నెండో పదమూడో. కన్నుల పండువుగా ఉన్నది. ఒక్కొక్క గిన్నెను మేము చూపించి అడుగుతూ వచ్చాము. చేప. చేప గుడ్లు. రొయ్య. మరొక చేప. కూరముక్కలున్న గిన్నె చూచి ప్రాణం లేచి వచ్చింది. అడిగితే, ఆ కూరలు ఉడికిన నీళ్ళు చేపవి.

మేము బౌద్ధదేశం గదా, శాకాహారానికి కరవుండదనుకున్నాము. బస కుదుర్చుకునేటప్పుడు ఒక్క మాట వ్రాయలేదు. అమ్మగారు తెల్లటి అన్నము, రెండు ఊరగాయ ముక్కలు తిని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మా నోటికీ ముద్ద దిగలేదు.

కొంతసేపటికి ఇంటి యజమానురాలు వచ్చింది. ఈమెను 'ఒకామి' అంటారు. ర్యోకాన్‌కు ఆమే ప్రాణం. గడపలో మోకరిల్లి లోపలికి చూచింది. ముట్టని గిన్నెలు వరుసగా ఉన్నవి. ఆమె ముఖం పాలిపోయింది. వంట బాగులేదా అని అడిగింది. ఫోనులోని అనువాదంతో సంగతి చెప్పాము. ఆమె నేలకు నుదురు ఆనించి క్షమాపణ చెప్పుకున్నది. తప్పు చేసినవారము మేము, క్షమాపణ చెప్పుకున్నది ఆమె! ఆ సిగ్గు ఇప్పటికీ మాకు పోలేదు. పొద్దుటినుంచి ఆ వంట కోసం ఎంత మంది ఎన్ని చేతులు కదిలించారో! అదంతా వృథా.

వంటవాళ్ళు సర్దుకుంటున్న వేళ ఆమె తానే లోపలికి పోయి, నువ్వులు ఉప్పు చల్లిన అన్నపు ముద్దలు మూడు, ఉత్త నీళ్ళలో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు, ఒక పండు తెచ్చి అమ్మగారి ముందు పెట్టింది. తినేదాకా అక్కడే కూర్చున్నది. అమ్మగారు తిన్నారు.

ఆమె వెళ్ళిన తరువాత మేము "ఇంత ఖరీదు పుచ్చుకుని ఒక్క కూర చేయలేరా" అని ఏదో గొణిగితే అమ్మగారు మందలించారు: "వాళ్ళననకురా అబ్బాయీ. పెళ్ళివారింటికి పోయేవాడు పథ్యం సంగతి ముందు చెప్పాలి గాని, విస్తట్లో వడ్డించాక చెబుతాడా?"

ఈ ప్రసంగానికంతటికీ ఆ మాటే సారము. అయినా వివరంగా చెప్పడం మా విధి.

బస ఎన్నుకునే ముందు ప్రయాణికుడు తనను తాను నాలుగు ప్రశ్నలు అడగాలి. మొదటిది నోరు. జపాను వంటకు మూలం 'దాషి' అనే చారు నీళ్ళు. దానిని సాధారణంగా 'కత్సుఒబుషి' అనే ఎండుచేప తురుముతో కాస్తారు. పప్పు వంటిదనుకునే మిసో పులుసులో, ఉడికించిన కూరలో, సేమియా వంటి సోబా నీళ్ళలో అదే ఉంటుంది. కాబట్టి మాంసం తినము అంటే చాలదు. చేప, చేప నీళ్ళు కూడా కూడదని విడిగా చెప్పాలి. 'కొంబు' అనే సముద్రపు ఆకుతోను, ఎండిన పుట్టగొడుగులతోను కూడా దాషి కాయవచ్చును. అడిగితే కొందరు కాస్తారు, కొందరు మావల్ల కాదంటారు. కాదనడం కూడా మర్యాదే. అప్పుడు భోజనం లేకుండా గది మాత్రం ఇచ్చే 'సుదొమారి' పద్ధతిని అడగవచ్చును. చేపలు తినేవారికి ఈ చిక్కే లేదు. వారికి ర్యోకాన్ భోజనం పండుగే.

రెండవది మోకాలు. మనం చాప మీద పుట్టి పెరిగినవారమే గాని, పరుపు నేలమీద ఉంటే డెబ్బై దాటినవారు రాత్రి మూడుసార్లు లేవడం ఎంత బాధో ఆనాడు చూచాము. 'ఫుతోన్' పరుపు సుఖంగానే ఉంటుంది. లేవడమే కష్టం. అమ్మగారు గోడ పట్టుకుని లేచారు. కాళ్ళులేని కుర్చీ వీపుకు ఊతమిస్తుంది గాని మోకాలికి కాదు. ఇటువంటి పెద్దలున్నవారు మంచమూ చాపా కలిసిన వాయోషిత్సు గది అడగండి. పొట్టి బల్లకు బదులు ఎత్తు బల్ల, కుర్చీ ఉన్నవా అని కూడా అడగండి. నేడు చాలా ర్యోకాన్‌లు ఇవి అమరుస్తున్నవి.

మూడవది సిగ్గు. వేడినీటి ఊటలున్న చోట స్నానం అందరూ కలిసి చేసే స్నానం. ఆడవారికి వేరు, మగవారికి వేరు, కాని బట్ట ఏదీ ఉండదు. ముందు పక్కన చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళు శుభ్రంగా రుద్దుకుని కడుక్కుని, తరువాత తొట్టిలో దిగాలి. తొట్టి కడుక్కోవడానికి కాదు, కూర్చోవడానికి. సబ్బు గాని తుండుగుడ్డ గాని ఆ నీళ్ళలో పడరాదు. పచ్చబొట్టు ఉన్నవారిని చాలాచోట్ల రానీయరు. మన అమ్మమ్మల చేతుల మీది పచ్చబొట్లను వారు దొంగల గుర్తులనుకునే ప్రమాదం ఉన్నది, ముందే అడగడం మేలు. నలుగురిలో స్నానానికి మనసొప్పనివారు, గంటకు ఇంతని కుటుంబానికే విడిగా ఇచ్చే స్నానపు గది ఉన్నదా అని అడగాలి. మా అమ్మగారు దానిలోనే చేసి, "రేవులో స్నానం చేసినట్లున్నది, చీర తడవకపోవడమే తేడా" అన్నారు.

నాలుగవది వేళ. ర్యోకాన్‌లో సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి రానిస్తారు, ఉదయం పది గంటలకు ఖాళీ చేయాలి. భోజనం ఆరింటికో ఏడింటికో. రాత్రి తొమ్మిదింటికి చేరే రైలులో ర్యోకాన్‌కు పోవడం శుద్ధ దండగ. ఖరీదు ఇచ్చి, భోజనం పోగొట్టుకుని, వారిని కాచుకుని ఉండేటట్లు చేయడమే. ఆలస్యమైతే ఫోను చేయాలి. ఆఖరి నిమిషంలో మానుకుంటే పూర్తి ఖరీదు అడిగినా ఆశ్చర్యం లేదు, మన పేర సరకు తెచ్చి ఉంటారు గదా. పసిపిల్లలున్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కొన్ని పాత ఇళ్ళలో గదికీ గదికీ నడుమ పలుచని తలుపులే ఉంటాయి. పిల్లవాడి ఏడుపు నాలుగు గదులు వింటాయి.

ఇప్పుడు హోటలు. అక్కడ మన వేళ మనది. తాళపుచెవి చేతిలో ఉంటుంది, అర్ధరాత్రి వచ్చినా అడిగేవారు లేరు. మంచము, బల్ల, స్నానపు గది అన్నీ లోపలే. వర్తకుల కోసం పుట్టిన చౌక హోటళ్ళు రైలు స్టేషన్ల పక్కనే ఉంటాయి. శుభ్రత లోటుండదు. కాని గది చాలా చిన్నది. రెండు పెద్ద పెట్టెలు తెరిస్తే కాలు పెట్టడానికి చోటుండదు. 'సెమీ డబుల్' అనే మంచం సుమారు 120 సెంటీమీటర్ల వెడల్పు. దంపతులు ముందే రాజీపడి దిగాలి. చాలాచోట్ల ఒక గదిలో ఇద్దరికే చోటు. నలుగురు కుటుంబం రెండు గదులు తీసుకోవలసి వస్తుంది. ఇక్కడ చాప గది నయం, ఇంకొక పరుపు పరిస్తే చాలును. మరొక సంగతి, అక్కడి కరెంటు 100 వోల్టులు. మన ఇంటి కుక్కరు మోసుకుపోయి లాభం లేదు, గదిలో వంట చేయనూ రాదు. అటుకులు, పొడులు, ఊరగాయ తీసుకుపోండి, హోటలు గదిలో ఎవరూ కాదనరు. ర్యోకాన్‌లో మాత్రం వారు భోజనం పెట్టే వేళ మన డబ్బా విప్పడం అమర్యాద.

ఖర్చు లెక్కలో చాలామంది పొరపడతారు. హోటలు ఖరీదు గదికి. ర్యోకాన్ ఖరీదు సాధారణంగా మనిషికి, అందులో రాత్రి భోజనము, ఉదయం ఫలహారము కలిసి ఉంటాయి. లెక్క కోసం హోటలు గది 16,000 యెన్నులని, ర్యోకాన్ మనిషికి 20,000 యెన్నులని అనుకోండి. దంపతులకు ర్యోకాన్ 40,000 అవుతుంది. హోటలు 16,000కు ఇద్దరి రాత్రి భోజనము, ఫలహారము కలుపుకుని అప్పుడు పోల్చాలి. అయినా ర్యోకాన్ ఎక్కువే, కాని తొలిచూపుకు కనబడినంత ఎక్కువ కాదు. చేపలు తినని మనిషి ఆ భోజనానికి ఖరీదిచ్చి ముట్టకపోతే మాత్రం అది నిజంగా దండగ. వేడినీటి ఊటలున్న చోట మనిషికి సాధారణంగా 150 యెన్నుల స్నానపు పన్ను ఉంటుంది. తోక్యోలో 2002 నుంచి, క్యోతోలో 2018 నుంచి బస పన్ను కూడా ఉన్నది. బక్షీసు అక్కడ ఆచారం కాదు. విదేశీ ప్రయాణికుడు పాస్‌పోర్టు చూపాలి, దాని నకలు తీసుకుంటారు. అనుమానపడకండి, అది వారి నియమం.

మా కథకు రెండవ భాగం ఉన్నది. హకొనే తరువాత అమ్మగారు ఇక ర్యోకాన్ పేరెత్తవద్దంటారనుకున్నాము. ఆమె "ముందు చెప్పి మళ్ళీ ఒకచోటికి పోదాం" అన్నారు. ఈసారి ఓసాకా నుంచి రైలులో పోయి, తాడు మీద లాగే కొండబండి ఎక్కి, కోయసాన్ అనే పుణ్యక్షేత్రం చేరాము. అక్కడ 816వ సంవత్సరంలో కూకాయ్ అనే ఆచార్యుడు స్థాపించిన మఠాలున్నవి. కొండమీది 117 ఆలయాలలో సుమారు 50 ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. దీనిని 'షుకుబో' అంటారు. అక్కడి భోజనం 'షోజిన్ ర్యోరి', బౌద్ధ సన్యాసుల వంట. మాంసము లేదు, చేప లేదు. ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు.

ఈసారి మేము పదిహేను రోజుల ముందే ఉత్తరం వ్రాశాము. చేప నీళ్ళు కూడా కూడదనీ, ఒక పెద్దావిడకు కుర్చీ కావాలనీ. కుర్చీ సిద్ధంగా ఉన్నది. నువ్వులతో జున్నులాగా చేసిన గోమాదోఫు, చలికి గడ్డకట్టించి ఎండబెట్టిన సోయా జున్ను, కూరల బజ్జీలు, పులుసు, అన్నము పెట్టారు. అమ్మగారు ఒక్కటీ విడవకుండా తిని, "మడి వంటలాగా ఉన్నదిరా" అన్నారు. నేల పరుపే, చలి ఎక్కువే, మరుగుదొడ్డి వసారా చివరనే. అయినా ఆమె ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున ఆలయంలో అగ్నిలో సమిధలు వేసి చేసే క్రతువు చూపించారు. దానిని వారు 'గోమ' అంటారు, మన 'హోమ' శబ్దమే. వారి గురుపరంపరలో నాగార్జునుని పేరున్నదని తెలిసి మా ఒళ్ళు పులకరించింది. మన కృష్ణ ఒడ్డున ఒక కొండ ఆ పేరునే మోస్తున్నది గదా!

సోదరులారా, మా అభిప్రాయం టూకీగా ఇది. పది రోజుల ప్రయాణమైతే ఎనిమిది రాత్రులు హోటలులో, రెండు రాత్రులు చాప గదిలో ఉండండి. నగరంలో రోజంతా తిరిగేనాడు హోటలు. ఏ పనీ లేక కొండల్లో ఊరకే కూర్చునేనాడు ర్యోకాన్. పెద్ద పెట్టెలను తపాలా బండి కంపెనీవారికి ఇస్తే తరువాతి హోటలుకు చేరుస్తారు, చేతి సంచితో ర్యోకాన్‌కు పోవచ్చును. శాకాహారులు మొదటిసారి కోయసాన్ వంటి చోట దిగండి. ఎక్కడ దిగినా నోరు, మోకాలు, సిగ్గు, వేళ, ఈ నాలుగు సంగతులు ముందుగా వ్రాసి పంపండి. ఏదో సర్దుకుపోదాములే అని మొగమాటపడితే, చివరకు సర్దుకోవలసినది ఇంటివారు.

1980 ప్రాంతంలో జపానులో 80 వేలకు పైగా ర్యోకాన్‌లు ఉండేవి. 2017 నాటికి అవి 40 వేలకు తగ్గాయి. ఒక ఇల్లు అతిథిని నిలుపుకోవడం ఎంత కష్టమో, పొరుగు భాషల నడుమ మూడు తరాలుగా కాపురం చేస్తూ, వచ్చినవారికి విస్తరి వేస్తూ వచ్చిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన ఇంటికి వచ్చినవాడు గడపలో ఏమి తింటాడో చెప్పకుండా, వడ్డించాక విస్తరి ముట్టకుండా లేస్తే మన ఇల్లాలికి ఎట్లా ఉంటుందో, హకొనేలోని ఆ ఒకామికి ఆ రాత్రి అట్లాగే ఉన్నది.

మేము బయలుదేరే ఉదయం ఆమె వాకిట్లో నిలబడి, మా కారు మలుపు తిరిగేదాకా వంగి నమస్కరిస్తూనే ఉన్నది. అమ్మగారు వెనుక అద్దంలోంచి చేతులు జోడించారు. జపానువారికి కొత్త సంవత్సరానికి పరిచితులకు కార్డు వ్రాసే అలవాటున్నది. ఇంటికి వచ్చినది మొదలు ఏటేటా ఆ ఇంటికి ఒక కార్డు పంపమని అమ్మగారి ఆజ్ఞ. మొదటి కార్డులో మేము చెప్పుకోవలసిన క్షమాపణ చెప్పుకున్నాము. ఈ ఏడు కూడా పంపాము. జవాబు వచ్చింది. మళ్ళీ రమ్మన్నారు, ఈసారి చేప నీళ్ళు లేకుండా వండిస్తామన్నారు.

  పులిహోర చల్లారకముందే మేము కూర్చుంటాము.